పొగ పద్దు

పొద్దున్నే తగువు పడితే ఆ రోజంతా కాఫీ చేదుగానే వుంటుందని మా ఆవిడ సిద్ధాంతం. అందులో నిజం వుందని మొన్నో మంగళవారంనాడు తేలింది. దర్శిలో మా వీధికి వచ్చే చెత్త ట్రాక్టరు, ఎవరిదో బాడుగ బండి, మా గుమ్మం ముందు ఆగింది. దాని గొట్టంలోంచి నల్లటి పొగ గుప్పుమని లేచి, అరుగుమీద ఆరబెట్టిన ఎండుమిరపకాయల మీదుగా తిన్నగా నా ముక్కులోకి దూరింది. నేను చేతిలో పేపరు విసురుకుంటూ, "ఏమయ్యా, ఊరు బాగుచేస్తున్నావా, పాడుచేస్తున్నావా?" అని గట్టిగానే అడిగాను.

డ్రైవరు కుర్రాడికి కోపం రాలేదు. వస్తే నాకే బాగుండేది. చిన్నగా నవ్వి, "ఏంది మేష్టారూ, మీ స్కూటరు బయటికి తీస్తే రెండు రోజులు మా వీధిలో దోమలే వుండవు గదా!" అన్నాడు. ఎదురింటి అరుగుమీద వాళ్ళు కూడా నవ్వారు. నా స్కూటరు పాతదే, కాదనను. కాని ఎవరి బండి పొగ వాళ్ళ ముక్కుకి వాసన తగలదు. ఎవరి సంగీతం వాళ్ళ చెవికి కమ్మగా వున్నట్టే.

ఆ మాట నన్ను టీకొట్టుదాకా వెంటాడింది. అక్కడ మా మిత్రబృందం ముందు సంగతి పెట్టాను. పురపాలక సంఘాలూ నగర పంచాయతీలూ బండ్లన్నీ మార్చేసి పొగలేనివి కొనాలా, వద్దా? ఒకాయన, "శుభ్రమైన గాలి వున్నవాళ్ళ వేడుకండీ. ముందు నీళ్ళు సరిగ్గా రానివ్వండి" అన్నాడు. ఆ మాట తీసెయ్యడానికి లేదు. ఫ్లోరైడు నీళ్ళు తాగి పళ్ళు గారపట్టిన ఊళ్ళు మా చుట్టుపట్ల వున్నాయి. ఇంకొకాయన, "అప్పుచేసైనా కొనాలి, ఆరోగ్యం కంటే డబ్బెక్కువా?" అన్నాడు. ఆయన కొడుకు అమెరికాలో వుంటాడు. అప్పు అన్నమాట ఆయనకి అంత బరువుగా తోచదు.

ఇంటికొచ్చి ఆలోచించాను. పేదవాడికి శుభ్రత ధర్మమా, విలాసమా? చేతిలో డబ్బులేని ఊరు మంచిపని ఎంతవరకు చెయ్యాలి?

నిజానికి ఒకప్పుడు మన ఊళ్ళ బండ్లన్నీ పొగలేనివే. చెత్త ఎడ్లబండిలో పోయేది. ఒంగోలు జాతి పుట్టిన జిల్లావాళ్ళం, ఎద్దు గొప్పతనం మాకు ఒకరు చెప్పాలా? గడ్డి మేసి, బండిలాగి, పోతూపోతూ పొలానికి ఎరువు కూడా ఇచ్చే యంత్రాన్ని ఏ కంపెనీ ఇంకా తయారు చెయ్యలేదు. ఆ పైన తోపుడుబండి, మూడుచక్రాల రిక్షా వచ్చాయి. చుక్క డీజిలు అక్కర్లేదు. ఆ లెక్కన మన తాతలు ఇప్పటి పర్యావరణ పండితులకంటే ముందున్నట్టే.

అక్కడే నాకు అనుమానం పట్టుకుంది. తోపుడుబండికి పొగ లేదు, నిజమే. కాని మే నెల ఎండలో, నిండిన బండిని గతుకుల సందులో తోసే మనిషి రొమ్ములో ఏముందో ఎవరు చూశారు? అంతకంటే ఘోరంగా, మనుషుల మలాన్ని మనుషులే తట్టల్లో ఎత్తిపోసిన రోజులున్నాయి. దానికీ ఇంధనం ఖర్చులేదు. దాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, అది చాలక 2013లో ఇంకొక చట్టం చెయ్యవలసి వచ్చింది. అంచేత పొగలేనిదల్లా పుణ్యం కాదు. చవకైనదల్లా చవకా కాదు. ఒక పద్దులో కొట్టేసిన ఖర్చు ఇంకో పద్దులో వచ్చి కూర్చుంటుంది. మునిసిపాలిటీ పుస్తకంలో మిగిలిన రూపాయి ఎవరి వెన్నెముకలోనో, ఎవరి ఊపిరితిత్తుల్లోనో ఖర్చు రాసి వుంటుంది. ఆ పుస్తకాన్ని ఏ ఆడిటరూ తెరవడు.

పెద్ద ఊళ్ళు ఏం చేశాయో చూద్దాం. ఢిల్లీ బస్సులన్నీ గ్యాసుకి మారాలని సుప్రీంకోర్టు 1998 జూలైలో ఆజ్ఞాపించింది. గ్యాసు బంకుల దగ్గర మైళ్ళకొద్దీ వరసలు, బస్సులు దొరక్క జనం తిట్లు, అన్నీ అయి 2002 చివరికి ఆ మార్పు పూర్తయింది. మనవైపు హైదరాబాదులో 2019లో విమానాశ్రయం దారిలో 40 విద్యుత్ బస్సులు తిరిగాయి. తిరుపతి, తిరుమలకి 100 బస్సులని 2022 సెప్టెంబరులో, బ్రహ్మోత్సవాల వేళ మొదలుపెట్టారు. కొండమీద దేవుడికి పొగ తప్పింది.

ఇందులో బీదఊళ్ళు నేర్చుకోవలసిన కిటుకు ఒకటుంది. తిరుపతి బస్సుల్ని ఆర్టీసీ కొనలేదు. బస్సూ, డ్రైవరూ, బ్యాటరీ బాధ్యతా కంపెనీవి. ఆర్టీసీ తిరిగిన కిలోమీటరుకి ఇంత అని ఇస్తుంది. ఇది మన రైతుకి కొత్త విద్యేం కాదు. ట్రాక్టరు కొనలేనివాడు గంటకింత అని బాడుగిచ్చి దున్నించుకోవడంలేదూ? విద్యుత్ బండి కొనేటప్పుడు ఖరీదెక్కువ, నడిపేటప్పుడు ఖర్చు తక్కువ. డీజిలు బండి దానికి తిరకాసు. చేతిలో రొక్కంలేని సంసారి నెలనెలా ఎక్కువ కట్టి చివరికి ఎక్కువే పోగొట్టుకుంటాడు. ఆ ఉచ్చు తెంపడానికి బాడుగ పద్ధతి ఒక కత్తెర.

చిన్న ఊళ్ళకీ ఆ గాలి సోకింది. 2023 జూన్‌లో రాష్ట్రంలోని 36 చిన్న మునిసిపాలిటీలకు 516 విద్యుత్ చెత్త ఆటోలు ఇచ్చారు. ఒక్కొక్కటి 4.10 లక్షలు, మొత్తం 21 కోట్ల చిల్లర. చెత్తబండికి విద్యుత్తు నప్పినట్టు ఇంకో బండికి నప్పదని నాకు తోస్తుంది. ఎందుకంటే ఆ బండి పని పరుగెత్తడం కాదు, ఆగడం. గుమ్మం గుమ్మానికీ ఆగుతుంది. డీజిలు ఇంజను ఆగివున్నా తాగుతూనే వుంటుంది, పండక్కొచ్చిన అల్లుడిలాగా. బ్యాటరీ బండి ఆగితే మోటారూ ఆగుతుంది. పైగా రోజూ తిరిగే దూరం కొద్దిదే, రాత్రి షెడ్డుకి చేరుకుంటుంది. తెల్లారేలోగా చార్జి ఎక్కించుకోవచ్చు.

"మరి ఆ కరెంటు ఎక్కణ్ణించి వస్తుందండీ?" అని టీకొట్టు మిత్రుడు అడగనే అడిగాడు. మంచి ప్రశ్న. కొంత ఎండనుంచీ, గాలినుంచీ, నీటినుంచీ వస్తుంది గాని, ఎక్కువభాగం బొగ్గునుంచే. విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో 1979 నుంచీ బొగ్గు కాలుతూనే వుంది. అంటే మా వీధి పొగని మేం అక్కడి జనానికి పార్సెలు కట్టి పంపినట్టా? మన చెత్త పక్కింటి గోడ అవతల పారేసి, మన వాకిలి శుభ్రంగా వుందని మురిసిపోయినట్టా?

ఈ ప్రశ్నకి తప్పించుకునే జవాబు చెప్పకూడదు. కొంతవరకు అట్టే. కాని పూర్తిగా కాదు. డీజిలు ఇంజను తాగినదాంట్లో పెద్దభాగం వేడిగా పారబోస్తుంది. మోటారు తనకిచ్చిన కరెంటులో అధికభాగాన్ని చక్రానికి చేరుస్తుంది. రేపు ఆ కరెంటు ఎండనుంచే ఎక్కువగా వచ్చిందనుకోండి, బండి మార్చకుండానే బండి శుభ్రపడుతుంది. డీజిలు బండికి ఆ మోక్షం లేదు. వీటన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇంకోటి వుంది. బొగ్గు గొట్టం ఆకాశంలో వుంటుంది. ట్రాక్టరు పొగని, పక్కనే నడుస్తూ బుట్టలు ఎత్తిపోసే మనిషి పొద్దుటినుంచీ పీలుస్తుంది. నేను ఒక్క నిమిషం పీల్చి తగువుపెట్టుకున్నాను. ఆమె రోజూ నాలుగైదు గంటలు పీలుస్తుంది. మన ఇంటి కుళ్ళు ఎత్తినందుకు మనం ఆమెకిచ్చే బహుమానం అదన్నమాట.

అంచేత డబ్బు తక్కువైనప్పుడు ఏ బండి ముందు మార్చాలి అన్నదే అసలైన ధర్మసందేహం. అధికారి కారు మారిస్తే ఫొటో బాగా వస్తుంది. కాని న్యాయం ప్రకారం ముందు మారవలసింది, ఎవరి ముక్కు గొట్టానికి దగ్గరగా వుందో వాళ్ళ బండి.

ఇంకో చిక్కు. 15 ఏళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాలకు 2023 ఏప్రిల్ 1 నుంచి రిజిస్ట్రేషను పొడిగించరు. అవి తుక్కుకి పోవలసిందే. ముసలి ఇంజన్ల పొగ తగ్గుతుంది, మంచిదే. కాని ప్రాణంలా చూసుకున్న బండినీ, పట్టించుకోని బండినీ ఒకే తక్కెడలో వేస్తే, చూసుకున్నవాడి మనసు చివుక్కుమంటుంది. కొత్తబండి చెయ్యడానికీ ఇనుము కరగాలి, బ్యాటరీకి గనులు తవ్వాలి. కొన్నంతమాత్రాన శుభ్రత రాదు. కొన్నదాన్ని కాపాడుకుంటేనే వస్తుంది. పత్తికి మందుకొట్టే పంపుకి నాజిలు శుభ్రం చెయ్యనివాడు, ఎంత ఖరీదైన పంపు కొంటే ఏం లాభం?

అసలు డబ్బే అక్కర్లేని మార్పులు కొన్ని వున్నాయి. టైర్లలో గాలి సరిగా వుంచడం, ఫిల్టరు శుభ్రం చెయ్యడం, దారి సరిచూసుకుని వచ్చినదారినే మళ్ళీ రాకుండా వుండడం, యాక్సిలరేటరు మీద కాలు బరువు తగ్గించడం. లీటరు డీజిలుకి ఎన్ని కిలోమీటర్లు వచ్చిందని ఆర్టీసీ డ్రైవర్లను లెక్కకట్టి చూడడం వాళ్ళకి పాత అలవాటే. మా దర్శిలోనే డ్రైవర్లకు శిక్షణిచ్చే సంస్థ ఒకటుంది. బ్యాటరీ కొనలేని ఊరు కూడా మంచి కాలు సంపాదించుకోగలదు. ఒక లీటరు డీజిలు మిగిలితే రెండున్నర కిలోలకు మించి కార్బన్ డయాక్సైడు మిగిలినట్టే. లీటరు నూనె కిలో బరువైనా తూగదు గదా, రెండున్నర కిలోలు ఎట్టా వచ్చింది అని ఆశ్చర్యపడకండి. కాలేటప్పుడు గాల్లోని ప్రాణవాయువుని కూడా కలుపుకుంటుంది. మనం పీల్చవలసినదాన్ని తను తీసుకుని, తూకం పెంచుకుంటుంది.

ఇక్కడిదాకా వచ్చేసరికి లెక్క నా గుమ్మంలోకే వచ్చింది. బండి గంట వినబడ్డాక నేను లేచి, చెప్పులు వెతికి, బుట్ట తెచ్చేసరికి అర నిమిషం. మా వీధిలో 60 ఇళ్ళు. అందరూ నాలాంటివాళ్ళే. ఒక్కో ఇంటి దగ్గరా అర నిమిషం ఆగితే అర గంట. ఇట్టాంటి నాలుగు వీధులు తిరిగితే రెండు గంటలసేపు ఇంజను మా బద్ధకం కోసమే కాలింది. నేను పేపరు విసిరి తరిమిన పొగలో నా వాటా ఎంతో అప్పుడు తెలిసింది. చెత్తకి నెలనెలా రుసుమంటే గొణిగినవాళ్ళలో నేనూ వున్నాను. దాన్ని రద్దుచేస్తామని 2024 అక్టోబరులో ప్రభుత్వం ప్రకటించినప్పుడు సంతోషించినవాళ్ళలో కూడా వున్నాను. డబ్బు ఇవ్వనివాడు అర నిమిషమైనా ఇవ్వాలి గదా.

మర్నాడు డ్రైవరుతో, "కాస్త ఇంజను ఆపరాదూ?" అన్నాను, ఈసారి మెత్తగా. "ఇంటింటికీ ఆపి తీస్తే బ్యాటరీ కూర్చుంటది మేష్టారూ. పదిళ్ళవాళ్ళు ఒకచోటికి తెచ్చిపెడితే ఆపుతా" అన్నాడు. న్యాయమైన బేరం. ఇరుగుపొరుగుతో మాట్లాడాను. ఒప్పుకున్నారు, ఒకరిద్దరు సణుగుతూనే. తడిచెత్త, పొడిచెత్త వేరుచెయ్యడం మా ఆవిడ తన చేతిలోకి తీసుకుంది. స్కూటరు మెకానిక్కు దగ్గరుంది. వాడేం చెబుతాడో చూడాలి. చూసేలోగా టీకొట్టుకి నడిచే వెడుతున్నాను.

మొదటిరోజు వేపచెట్టు కింద పదిమందిమీ బుట్టలు పట్టుకుని నిలబడ్డాం. ట్రాక్టరు వచ్చింది. కుర్రాడు అన్నమాట ప్రకారం ఇంజను ఆపాడు. వీధి ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. అప్పుడు వినబడింది, బండివెనక బుట్టలు అందుకుంటున్నామె దగ్గు. రోజూ వస్తున్న మనిషే. ఎన్నాళ్ళనుంచి దగ్గుతోందమ్మా అని అడిగాను. "చానాళ్ళాయె అయ్యా," అని బుట్ట అందుకుంది.

ఇన్నాళ్ళూ ఇంజను మోతలో నాకది వినబడనే లేదు.