అడుగు పోయని అవ్వ

కొత్తగూడెం పక్కన రుద్రంపూర్‌లో ఒక కోల్ ఫిల్లర్ ఉండేవాడు. బాయిలో టబ్బులకు బొగ్గెత్తీ ఎత్తీ నడుము వంగిపోయాక రిటైరయ్యాడు. సర్వీసులో ఉండగా కొన్న హీరో హోండా స్ప్లెండర్ ఒకటి ఆయనకు మిగిలింది. ఆ బండి బజార్లోకి వచ్చింది 1994లో, ఈయన కొన్నది ఆ తర్వాత నాలుగైదేళ్లకు. ఫస్ట్ షిఫ్ట్‌కూ సెకండ్ షిఫ్ట్‌కూ దాని మీదే తిరిగాడు. మోకాళ్లు మొరాయించాక దాన్ని మేనల్లుడికి ఇచ్చేశాడు. తాళం చేతిలో పెడుతూ ఒక్క మాటే అన్నాడు: “ఆయిల్ చూసుకో అల్లుడా. మిగతాది అదే చూసుకుంటది.”

అల్లుడిది సంతల వ్యాపారం. దుప్పట్లు, లుంగీలు, చిన్నపిల్లల గౌన్లు మూట కట్టి వెనక సీటు మీద బిగించి ఆళ్లపల్లి, గుండాల వైపు అడవి పల్లెలు తిరిగేవాడు. ఆ దారిలో ఒక గూడెం మొదట్లో ఒక అవ్వ కొట్టు ఉంది. బీడీలు, సబ్బులు, బిస్కట్ ప్యాకెట్లు, వాటి పక్కనే నీళ్ల సీసాల్లో పెట్రోలు. అట్లా అమ్మడం చట్టం ఒప్పదు. అగ్గిపెట్టెల పక్కన పెట్రోలు పెట్టుకోవడం ఏ లెక్కన చూసినా మంచిది కాదు. కానీ బంకు ఎక్కడో టౌన్లో, బండ్లేమో ఊరూరా ఉన్నాక ఇలాంటి కొట్లు పుట్టకుండా ఎట్లా ఉంటాయి!

అవ్వకు ఒక అలవాటుంది. గరాటుకు పాత చీర ముక్క కట్టి పెట్రోలు పోసేది. చివర్లో వేలెడంత సీసాలోనే ఉంచేసి మూత బిగించేది. మొదటి రెండుసార్లు అల్లుడు ఊరుకున్నాడు. మూడోసారి అడిగేశాడు.

“లీటరు పైసలు తీస్కొని ముప్పావు పోస్తే ఎట్లవ్వా?”

“ముప్పావేంది బిడ్డా! అడుగు పోయ, అంతే.”

“ఆ అడుగులతోనే మేడ కడతవేమో.”

కొట్టు ముందున్న కుర్రాళ్లు నవ్వారు. అవ్వ నవ్వలేదు, గొడవా పడలేదు. అప్పటినుంచి అతనొక్కడికి మాత్రం ఆఖరి చుక్క దాకా వంచి పోసింది.

వానలు మొదలయ్యాక బండి పేచీ పెట్టింది. పొద్దున్నే చోక్ లాగి పదిసార్లు కిక్కు కొడితే గానీ లేవదు. మూటతో ఎత్తెక్కాలంటే దగ్గుతుంది. పికప్ లేదు. స్పేర్ పార్టుల షాపు కుర్రాడు చారెడంత సీసా ఒకటి చేతిలో పెట్టాడు. “ట్యాంకులో పోయన్నా. కార్బొరేటర్, వాల్వులు, పిస్టను, అన్నీ అదే కడిగేస్తది. మెకానిక్‌తో పనే లేదు.” ఎన్ని లీటర్లకు ఎంత పోయాలో సీసా మీద సన్నక్షరాల్లో రాసి ఉంది. ఆ మొదటిసారి అల్లుడు బుద్ధిగా లెక్క ప్రకారమే పోశాడు. ఆ ట్యాంకు అయిపోయే లోపే దగ్గు తగ్గింది. ఎత్తు మీద బండి లాగింది. కుర్రాడు చెప్పినదాంట్లో నిజం లేకపోలేదు.

ఒక్క సీసాకే ఇంత బాగుపడితే మూడిటికి ఎంత బాగుపడాలి? శ్రావణం వచ్చింది, పెళ్లిళ్ల బేరాల రోజులు. సగం ట్యాంకులో మూడు సీసాలూ గుమ్మరించి, మూట కట్టుకుని బయలుదేరాడు.

పాతికేళ్ల ట్యాంకు లోపలి గోడలకు తుప్పు పట్టి ఉంది. దాని మీద ఎండిపోయిన పెట్రోలు జిగురు పొరలా అంటుకుని ఉంది. మందు ఆ జిగురును కరిగించింది. అది పట్టి ఉంచిన తుప్పు రేకులు ఊడి అడుక్కు దిగాయి. అక్కడ అప్పటికే అవ్వ సీసాల అడుగున ఉండే మడ్డీ, మూత సందున దిగిన వాన నీళ్లూ ఉన్నాయి. మెయిన్‌లో నడిచినంతసేపు ఏమీ కాలేదు. ఆ గొట్టం నోరు ట్యాంకు అడుగుకు కాస్త ఎత్తున ఉంటుంది. ఆళ్లపల్లి ఇంకా చాలా దూరముందనగా బండి ఒక్కసారి తడబడింది. అల్లుడు అలవాటు కొద్దీ వంగి ట్యాప్‌ను రిజర్వ్‌కు తిప్పాడు. రిజర్వ్ లాగేది నేరుగా అడుగు నుంచే. వంద గజాలు పోయి బండి ఆగింది. ఎంత కిక్కు కొట్టినా చలనం లేదు. పైన వాన. దుప్పట్ల మూట నీళ్లు పీల్చి రెట్టింపు బరువెక్కింది.

తోసుకుంటూ తోసుకుంటూ అవ్వ కొట్టు చేరాడు. అవ్వ ఏమైందని అడగలేదు. బల్ల కింది నుంచి ఒక రేకు డబ్బా లాగి మూత తీసి చూపించింది. పైన పెట్రోలు తేటగా ఉంది. కింద తుప్పు రంగు మడ్డి, నీటి బొట్లు.

“ఇవి అందరి అడుగులు బిడ్డా. నీది ఇండ్ల లేదు, నీ ట్యాంకులనే ఉంది.”

బండిని ట్రాలీ ఆటోలో కొత్తగూడెం తెచ్చారు. కబురంది మామ కూడా షెడ్డుకు వచ్చాడు. మెకానిక్ కార్బొరేటర్ విప్పి ఫ్లోట్ గిన్నె వంచితే గోధుమ రంగు బురద కారింది. స్లో జెట్ బెజ్జం పూర్తిగా పూడిపోయింది. అర మిల్లీమీటరు కూడా లేని బెజ్జమది. హెల్పర్ పిల్లాడు సన్న తీగతో పొడవబోతే మెకానిక్ వాడి చెయ్యి పట్టుకుని ఆపాడు. “తీగ పెట్టకురా! బెజ్జం పెద్దదైతే మళ్లీ ట్యూనింగే కుదరదు. గాలి కొట్టు.”

“అంతా ఆ మందు మోసం మామా,” అన్నాడు అల్లుడు.

పాత టైరు మీద కూర్చున్న మామ తల అడ్డంగా ఊపాడు. “మోసమేంది? బాయిల షాట్ పేలిస్తే బొగ్గు రాలి పడ్తది. పేల్చినోడు ఆడికి పని అయిందనుకొని పోతే నడిచే దారే మూసుకపోతది. టబ్బులకు ఎత్తేటోడు ఉండాలె. నువ్వు మూడు షాట్లు ఒక్కసారే పేల్చి ఇంటికొచ్చినవ్.”

బండి లేచింది. సైలెన్సర్ నుంచి నీలి పొగ కూడా వచ్చింది. మెకానిక్ ముఖం చిట్లించాడు. “రింగులు అరిగినయ్. ఇది బోర్ పని, దీనికి సీసా లేదు. ఆయిల్ చూసి ఎన్నాళ్లయింది?” అల్లుడు మామ వైపు చూడకుండా జేబులో పైసలు వెతుక్కున్నాడు.

మరుసటి సంతకు పోతూ కొట్టు దగ్గర ఆగాడు. అవ్వ అతని వాటా ప్రకారం సీసా ఆఖరి దాకా వంచబోతే తనే చెయ్యి అడ్డం పెట్టాడు. పైసలు మాత్రం నిండు లీటరుకే ఇచ్చాడు.

నీతి: మురికిని కదిలించినవాడే దాన్ని బయట పడేసే బాధ్యత కూడా నెత్తిన వేసుకోవాలి. అట్లాగే, మనకు దక్కనిదంతా ఎవరో దోచుకున్నదే అనుకోవద్దు.

రెండోది కథలోనే తేటగా ఉంది. మొదటిదే బండి నడిపేవాళ్లు వినరు. దినం భోజనాల దగ్గర ఇరవై ఏళ్ల నాటి గట్టు తగాదా కదిపి, సాయంత్రం బస్సుకు ఊరు దాటిపోయే చుట్టాలు కూడా వినరు. చుట్టాల సంగతి వాళ్లకే వదిలి బండి సంగతి చూద్దాం.

పెట్రోలులో కలిపే మంచి మందుల్లో చాలావాటికి ప్రాణం పాలీఈథర్ అమీన్ అనే రసాయనం. దాని అణువులో ఒక కొస మడ్డిని పట్టుకుంటుంది, రెండో కొస పెట్రోలులో కరుగుతుంది. కార్బొరేటర్ బండిలో పెట్రోలు తడి ఇన్‌టేక్ వాల్వు మీదుగా పోతుంది కాబట్టి అక్కడి నల్ల పొరను అది నెమ్మదిగా తీయగలదు. తుప్పును మాత్రం కరిగించలేదు. ఎయిర్ ఫిల్టర్‌ను అసలు తాకనే తాకదు, ఆ దారిన పోయేది గాలే గానీ పెట్రోలు కాదు. బొగ్గు టిప్పర్లు తిరిగే రోడ్ల పక్కన బతికే బండికి సగం ఆయాసం ఆ ఫిల్టర్ నుంచే వస్తుంది. దాన్ని దులపకుండా ట్యాంకులో మందు పోసేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది.

పైగా ఇప్పటి పెట్రోలు మామ కొన్ననాటి పెట్రోలు కాదు. 2022 జూన్ నాటికి దేశంలో పెట్రోలుకు పది శాతం ఇథనాల్ కలిపే లక్ష్యం పూర్తయింది. ఇరవై శాతం కలిపిన ఇ20 బంకుల్లోకి వచ్చింది 2023 ఫిబ్రవరిలో. ఇథనాల్‌కు కూడా పాత జిగురును వదిలించే గుణం ఉంది, నీళ్లను పీల్చే గుణమూ ఉంది. పది శాతం ఇథనాల్ ఉన్న లీటరు పెట్రోలు సుమారు 5 మిల్లీలీటర్ల నీళ్లను తనలో దాచుకోగలదు. అది దాటితే నీళ్లూ ఇథనాలూ కలిసి విడిపోయి అడుక్కు దిగుతాయి, అంటే సరిగ్గా రిజర్వ్ లాగే చోటికి. తొంభైల నాటి రబ్బరు పైపులూ వాషర్లూ ఈ ఇంధనం కోసం చేసినవి కావు. మైలేజీ కూడా కొంత తగ్గుతుంది. ఇ20 కోసం తయారుచేయని ద్విచక్ర వాహనాలకు ఆ తగ్గుదల 3 నుంచి 4 శాతం ఉండొచ్చని నీతి ఆయోగ్ 2021లో అంచనా వేసింది. ఏ మందూ దాన్ని తిరిగి తేలేదు.

కాబట్టి పాత బండికి మందు పోయాలనుకుంటే ముందు ట్యాంకు దించి అడుగు కడిగించాలి. ట్యాప్‌కూ కార్బొరేటర్‌కూ మధ్య పైపులో చిన్న ఫిల్టర్ పెట్టించాలి. దానికయ్యేది మందు సీసా ఖరీదులో కొద్ది భాగమే. ఆ తర్వాత సీసా మీది లెక్క ప్రకారం ఒక్క మోతాదు. ఆ ట్యాంకు అయిపోయాక ఫ్లోట్ గిన్నె కింది డ్రెయిన్ స్క్రూ వదులు చేసి ఏం దిగిందో చూడాలి. తేటగా వస్తే మళ్లీ చాలాకాలం దాని జోలికి పోనక్కర్లేదు. నీలి పొగ కక్కే బండికి ఈ తతంగమేదీ అక్కరకు రాదు. ఆ డబ్బు రింగులకూ పిస్టనుకూ దాచుకోవడం మేలు.