పేరు దాచాలా?

మా శంషాబాద్‌కు ఎయిర్‌పోర్టు 2008 మార్చిలో వచ్చింది. అప్పటి నుంచి మా ఇళ్లల్లో బతుకులు రెండు దారులు పట్టాయి. అన్నదమ్ముల్లో కొందరు టాక్సీ డ్రైవర్లయ్యారు. చదువు అబ్బిన మేం కొందరం మొబైల్ యాప్‌లు తయారుచేసే పనిలో పడ్డాం. మేం పొద్దున్నే ఔటర్ రింగ్ రోడ్డెక్కి గచ్చిబౌలి పోతాం. వాళ్లు ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లో ఫోను చేతబట్టుకుని బుకింగ్ కోసం గంటలకు గంటలు కూర్చుంటారు. మా ఇద్దరి రోజీ ఆ ఫోనులోనే ఉంది.

2022 ఆగస్టులో హైదరాబాదులో ఒక కస్టమరు భోజనం ఆర్డరిస్తూ, సూచనలు రాసే గడిలో ముస్లిం డెలివరీ మనిషి వద్దని రాశాడు. గిగ్ వర్కర్ల యూనియన్ నాయకుడు షేక్ సలావుద్దీన్ ఆ స్క్రీన్‌షాట్ బయటపెట్టి, కంపెనీ వైఖరేమిటో చెప్పమన్నారు. పత్రికలు రాశాయి. మంచివాళ్లు ఛీ అన్నారు. మాకు మాత్రం నిద్ర పట్టలేదు. ఆ గడి కట్టింది మా లాంటివాళ్లే. 'కారం తగ్గించండి', 'పాప పడుకుంది, బెల్ కొట్టకండి' అని రాసుకోవడానికి కట్టిన గడి అది.

కత్తి చేసిన కమ్మరిదా తప్పు అంటారు. కమ్మరి కత్తి అమ్మేశాక అది ఎవరి చేతిలో ఏం చేస్తోందో చూడలేడు. యాప్ అలా కాదు. ఆ గడిలో పడ్డ ప్రతి అక్షరం కంపెనీ దగ్గరే ఉంటుంది.

2021 జులైలోనూ, 2022 జనవరి 1న మళ్లీనూ, ముస్లిం స్త్రీల ఫోటోలు ఎత్తుకొచ్చి వేలానికి పెట్టినట్టు చూపించిన యాప్‌లు బయటపడ్డాయి. వాటిని కట్టిన కుర్రాళ్లను పోలీసులు అరెస్టు చేశారు. కట్టినవాడిదే బాధ్యత అని అప్పుడు అందరూ ఒప్పుకున్నారు. చెడ్డ ఉద్దేశంతో కట్టినవాడికేనా బాధ్యత? మంచికే కట్టి, చెడు జరుగుతుంటే చూస్తూ కూర్చున్నవాడికి లేదా?

మా డ్రైవరు తమ్ముడొకడు అడిగాడు: "భాయ్, యాప్‌లో మా పేర్లు కనబడకుండా చెయ్యరాదూ? బండి నంబరు చాలదా?" పనిగా చూస్తే పెద్ద కష్టమేం కాదు. వాడికి ఆ పూట గిరాకీ దక్కుతుంది. ఆకలి ముందు అస్తిత్వం గురించి ఉపన్యాసం ఇవ్వడానికి మాకు నోరు రాలేదు. మాలోనే కొందరు ఆఫీసులో పేరు కత్తిరించుకుని తిరుగుతున్నారు.

అయినా మనసు ఒప్పలేదు. రాత్రిపూట ఒంటరిగా బండెక్కే ఆడపిల్లకు నడిపేవాడి పేరు తెలియాలి. అంతకన్నా ముఖ్యం, పేరు దాస్తే తప్పు పేరుదేనని మేమే ఒప్పుకున్నట్టవుతుంది. మాకు దగ్గర్లోనే, కొత్తూరు మండలంలో జహంగీర్ పీర్ దర్గా ఉంది. హిందువులూ ముస్లింలూ మొక్కులు తీర్చుకుంటారు. ఫాతెహా ఇచ్చేవాళ్లు అక్కడా పేరు అడుగుతారు. యాదయ్య అంటే యాదయ్య పేరు మీదే దువా చేస్తారు. పేరు అడగడంలో తప్పు లేదు. ఎందుకు అడుగుతున్నామన్నదే ప్రశ్న.

కాబట్టి పేరు ఉండాలి. మారాల్సింది గడి. మతం చూసి, కులం చూసి మనిషిని వద్దనే ఆర్డరు అక్కడే ఆగిపోవాలి. దాని నష్టం పనివాడి ఖాతాలో పడకూడదు.

ఈ మాట మేం ఆఫీసు మీటింగులో అనాలి. ఇన్నాళ్లూ అనలేదు. అంటే, "వీడు సాయిబు కాబట్టి అంటున్నాడు" అంటారని భయం. ఉద్యోగం పోతే ఇల్లు గడవదని భయం. ఈ పిరికితనం మాదే, ఒప్పుకుంటున్నాం. ఇకనైనా అంటాం. కానీ మా పక్క కుర్చీలో కూర్చునే లౌకిక మిత్రులారా, ఆ మాట మాకంటే ముందు మీరు అనండి. మీరంటే అది న్యాయం అనిపించుకుంటుంది. మేమంటే ఇంకా మతంగానే వినిపిస్తోంది.