చానెళ్ల వరుస మారినప్పుడు ఏది మిగులుతుంది?

శాటిలైట్ రేడియోలో చానెల్ నంబరు వేరు, ఎఫ్‌ఎం స్టేషను నంబరు వేరు. ఎఫ్‌ఎంలో ఆ అంకె తరంగానికి కొలత. స్టేషను ఏ పౌనఃపున్యం మీద పలుకుతుందో దాన్నే అది చెబుతుంది. శాటిలైట్ రేడియోలో పదుల కొద్దీ చానెళ్లు ఒకే ప్రవాహంగా కలిసి దిగుతాయి. రిసీవరు వాటిని విడదీసి, సంస్థ పంపిన పట్టిక చూసి ఒక్కోదానికి ఒక నంబరు, ఒక పేరు తగిలిస్తుంది. పట్టిక మారితే రాత్రికి రాత్రే నంబరు మారుతుంది, పేరు మారుతుంది, లోపల వచ్చే కార్యక్రమమూ మారిపోవచ్చు. భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహంలో మాత్రం ఏమీ మారదు. పైగా దాని సామర్థ్యానికి హద్దు ఉంది. కొత్త చానెల్ రావాలంటే పాతదొకటి పోవాలి, లేదా ఉన్నవాటి ధ్వని నాణ్యత తగ్గాలి.

ఈ ఏర్పాటులో ఒక పాత తాత్త్విక ప్రశ్న దాపరికం లేకుండా బయటపడుతుంది. పేరు, నంబరు, వ్యాఖ్యాతలు, పాటలు అన్నీ మారగలిగిన చానెల్‌ను 'అదే చానెల్' అని దేన్నిబట్టి చెప్పాలి? దాని వెంటే రెండో ప్రశ్న. తీసేసిన చానెల్ కోసం శ్రోత పడే బాధ అనిత్యమైనదాన్ని పట్టుకుని వేలాడటమేనా, లేక ఆ బాధలో న్యాయమైన ఫిర్యాదు ఉందా? భారతీయ దర్శనాలు మొదటి ప్రశ్న మీద శతాబ్దాల పాటు వాదించుకున్నాయి. రెండో ప్రశ్నకు జవాబు కూడా ఆ వాదాల్లోనే ఉంది కానీ, కొంచెం వెతికి తీయాలి.

తెలుగువారికి దగ్గరి ఉదాహరణ వరల్డ్‌స్పేస్ శాటిలైట్ రేడియో. ఇథియోపియాలో పుట్టిన నోవా సమారా 1990లో అమెరికాలో ఈ సంస్థను స్థాపించాడు. ఎయిడ్స్ గురించి సమాచారం అందకే ఆఫ్రికాలో ఎందరో ప్రాణాలు పోగొట్టుకుంటున్నారన్న బాధ దాని పుట్టుక వెనుక ఉంది. 1998 అక్టోబరులో ఆఫ్రిస్టార్, 2000 మార్చిలో ఆసియాస్టార్ ఉపగ్రహాలు నింగికెక్కాయి. ఆసియాస్టార్ 105 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర నిలిచింది. అందుకని మన దేశంలో చిన్న పలక లాంటి యాంటెనాను కిటికీలోనో డాబా మీదో ఆగ్నేయానికి తిప్పి పెట్టుకోవలసి వచ్చేది. తెలుగు పాటలకు స్పందన, కన్నడకు స్పర్శ, తమిళానికి కెఎల్ రేడియో, కర్ణాటక సంగీతానికి శ్రుతి, హిందుస్థానీకి గాంధర్వ్, పాత హిందీ పాటలకు ఫరిష్తా ఉండేవి. ఎ.ఆర్. రెహమాన్ దాని ప్రచారకర్త, దాని సంకేత సంగీతమూ ఆయనదే. చందాదారుల్లో అత్యధికులు భారతీయులే. 2008 అక్టోబరులో సంస్థ దివాలా రక్షణ కోరింది. 2009 డిసెంబరు 31తో భారతదేశంలో ప్రసారాలు ఆగిపోయాయి. స్పందన, శ్రుతి, గాంధర్వ్ అన్నీ ఒక్కసారిగా మూగబోయాయి.

అమెరికాలో కథ ఇంకో రకంగా నడిచింది. అక్కడ ఎక్స్‌ఎం 2001లో, సిరియస్ 2002లో శాటిలైట్ రేడియో ప్రసారాలు మొదలుపెట్టాయి. 2008 జులైలో రెండూ ఒకటయ్యాయి. అదే ఏడాది నవంబరు 12న రెండు సేవల చానెళ్లనూ కలిపేశారు. ఒకే రకం సంగీతానికి చెరొకటి ఉన్నచోట ఒకటి మిగిలింది, కొన్నిటికి పేరు పోయి ఊపిరి మిగిలింది, కొన్నిటికి పేరు మిగిలి లోపలి సరుకు మారింది. రెండు రకాల రిసీవర్లూ వాడుకలో ఉండటంతో 2011 మే దాకా ఒకే చానెల్‌కు ఒక రిసీవరులో ఒక నంబరు, ఇంకో రిసీవరులో మరో నంబరు. ఎక్స్‌ఎం దశాబ్దాల చానెళ్ల సంగతి మరీ ఆసక్తికరం. నలభైల పాటలకు 4, యాభైల పాటలకు 5, అరవైల పాటలకు 6. అంకెకూ లోపలి వస్తువుకూ అంత గట్టి ముడి ఉండటం అరుదు. 2015లో నలభైల చానెల్‌ను 4 నుంచి తీసి డెబ్బైల అంకెల్లోకి పంపి 'ఫార్టీస్ జంక్షన్' అన్నారు. తర్వాత అరవైల చానెల్ కూడా 6ను వదిలి 'సిక్స్‌టీస్ గోల్డ్' అయింది. అవే పాటలు, అదే కాలం. అది అదే చానెలా, కాదా?

'అవును, అదే' అని తేలిగ్గా చెప్పగలిగేది నైయాయికుడు, అంటే న్యాయ దర్శనవాది. నిన్న చూసిన దేవదత్తుణ్ణి ఈరోజు చూసి 'వీడే వాడు' అని గుర్తుపట్టడమే ప్రత్యభిజ్ఞ. గుర్తింపు నిజమైతే గుర్తింపుకు విషయమైనదీ నిలిచి ఉన్నట్టే. ఆత్మ నిత్యమని చెప్పడానికి న్యాయ దర్శనం ఈ వాదాన్నే వాడుకుంది. అయితే శబ్దం దగ్గరికి వచ్చేసరికి అదే నైయాయికుడు గుర్తింపును నమ్మడు. పదిహేడో శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం ఇప్పటికీ తర్కం చదివేవారి తొలి పుస్తకం. అందులో శబ్దం ఆకాశానికి గుణం. న్యాయ మతంలో ఆ శబ్దం పుడుతుంది, నశిస్తుంది. నిన్న విన్న 'గ'కారం నేడు వినిపించదు. అలాంటిదే మరొకటి పుడుతుంది. జాతి ఒకటి కనుక 'అదే' అనిపిస్తుంది. ఈ లెక్కన ధ్వనుల సముదాయమైన చానెల్‌కు స్వతహాగా నిలకడ ఉండదు.

బౌద్ధుడు ఇంకా ముందుకు వెళతాడు. కత్తిరించాక మళ్లీ పెరిగిన గోళ్లను, జుట్టును చూసి 'అవే' అంటాం. అవి అవే కావని అందరికీ తెలుసు. గుర్తింపు ఎంత గట్టిగా ఉన్నా అది పోలిక వల్ల కలిగిన భ్రమ కావచ్చు. బౌద్ధ గ్రంథం మిలిందపన్హలో భిక్షువు నాగసేనుడు మిలింద రాజును రథం గురించి అడిగింది ఈ దారిలోనే. ఇరుసు రథమా, చక్రం రథమా, నొగ రథమా? ఏదీ కాదు. అన్నీ కలిసినప్పుడు వాడుకలో పెట్టుకున్న పేరు రథం. చానెల్ విషయంలో ఇది ఉపమానం కూడా కాదు, ఉన్న సంగతే. పట్టిక, పేరు, పాటల ఎంపిక, వ్యాఖ్యాత గొంతు, ప్రసార హక్కులు, బిట్ల ప్రవాహం. వీటికి వెనుక విడిగా చానెల్ అనే పదార్థం లేదు. ఇంజినీరును అడిగినా ఇదే చెబుతాడు.

ఇక్కడితో ఆగితే శ్రోత నోరు మూసుకోవలసిందే. లేనిది పోయిందని ఏడ్వకూడదు కదా. నిజానికి ప్రసార సంస్థలు ఇచ్చే ఓదార్పులో తరచు ఈ ధోరణే వినిపిస్తుంది: మార్పు సహజం, పాతది పోతుంది, కొత్తది వస్తుంది. మాట నిజమే. ఆ మాట ఎవరి నోట వస్తోందన్నది మాత్రం గమనించాలి. దుఃఖాన్ని తగ్గించుకోవడానికి సాధకుడు తనకు తాను చెప్పుకోవలసిన సత్యాన్ని, తీసేసినవాడు పోగొట్టుకున్నవాడికి బోధించడం ధర్మం కాదు.

ఈ చిక్కు దగ్గర జైన ఆచార్యుడు సమంతభద్రుడు ఆప్తమీమాంసలో ఇచ్చిన ఉదాహరణ అద్భుతంగా పనికొస్తుంది. ఒక బంగారు కుండ ఉంది. దాన్ని కరిగించి కిరీటం చేశారు. కుండ కోరుకున్నవాడికి దుఃఖం, కిరీటం కోరుకున్నవాడికి సంతోషం, బంగారమే కావాలనుకున్నవాడికి ఏదీ లేదు. ఒకే సంఘటన, మూడు మనసులు. మూడింటికీ వస్తువులోనే ఆధారం ఉంది. ఎందుకంటే జైనుల దృష్టిలో ఉన్నదంతా ఒకే క్షణంలో పుడుతుంది, నశిస్తుంది, నిలిచి ఉంటుంది. ఉత్పాదం, వ్యయం, ధ్రౌవ్యం మూడూ కలిస్తేనే సత్తు, అంటే ఉన్నది. బౌద్ధుడిలా నాశనం ఒక్కటే నిజమనక్కర్లేదు, వేదాంతిలా నిలకడ ఒక్కటే నిజమనక్కర్లేదు.

చానెళ్ల వరుస మారిన రోజున ఈ ముగ్గురూ ఉంటారు. తన చానెల్ పోయిన శ్రోత కుండ కోరుకున్నవాడు. అతని దుఃఖానికి విషయం ఉంది, అది భ్రమ కాదు. కొత్త చానెల్ దొరికిన శ్రోత కిరీటం కోరుకున్నవాడు. మొత్తం మీద చానెళ్ల సంఖ్య తగ్గలేదు, చందా అంతే ఉంది అని లెక్క చూసుకునే సంస్థ బంగారం కోరుకున్నవాడు. మూడో మనిషి నిర్వికారం స్థితప్రజ్ఞత లాగా కనిపిస్తుంది గానీ, అతను మొదటి నుంచీ కుండను కోరుకోలేదన్నది దాని కారణం.

సమంతభద్రుడి ఉదాహరణలో ఒక మనిషి కనిపించడు. కుండను కరిగించిన కంసాలి. ఆయన ప్రశ్న సత్తు స్వభావం గురించి కనుక కంసాలితో ఆయనకు పని లేదు. మన ప్రశ్నకు మాత్రం కంసాలే ముఖ్యుడు. వరద వచ్చి కుండ కొట్టుకుపోవడం వేరు, ఒకడు తీసుకెళ్లి కరిగించడం వేరు. రెండూ అనిత్యతే, కానీ రెండోదానికి కర్త ఉన్నాడు. కర్త ఉన్నచోట కర్మ ఉంది, బాధ్యత ఉంది. అనిత్యతను అందరికంటే గట్టిగా చెప్పిన బుద్ధుడే కర్మనూ, దాని ఫలాన్నీ అంతే గట్టిగా చెప్పాడన్నది మరవరాదు.

అయితే కంసాలి కరిగించినది సరిగ్గా ఏది? పాటలు ఎక్కడికీ పోలేదు కదా, ఏ పాట కావాలన్నా ఇంటర్నెట్‌లో దొరుకుతుంది కదా అన్న వాదం ఇప్పుడు అందరి నోటా ఉంది. దీనికి వేదవాక్యాన్ని విచారించే మీమాంసకుల దగ్గర లోతైన సమాధానం ఉంది. వారి మతంలో వర్ణాలు నిత్యం. ఉచ్చారణ వాటిని పుట్టించదు, బయటపెడుతుంది. వేదంలో ఆ వర్ణాల, పదాల క్రమం కూడా ఎవరూ కల్పించనిది. అందుకే అది అపౌరుషేయం. మనిషి రాసిన కావ్యంలో పదాలు నిత్యమే అయినా వాటి వరుస మాత్రం మనిషిది. దాన్ని ఆనుపూర్వి అన్నారు. కాళిదాసు సృష్టించినది పదాలను కాదు, ఆ ఆనుపూర్విని. కావ్యం తాళపత్రాల్లో నశిస్తే నిఘంటువులో పదాలన్నీ ఉన్నాయని ఎవరూ ఊరడిల్లరు.

చానెల్ కూడా అంతే. అది పాటల గోదాము కాదు. ఈ పాట తర్వాత ఆ పాట, ఈ రాగం తర్వాత ఆ రాగం, ఉదయానికి ఇది, అర్ధరాత్రికి అది అని ఒక మనిషి లేదా కొందరు మనుషులు ఏళ్ల తరబడి అల్లిన క్రమం. శ్రోత ఆ క్రమాన్ని నమ్మి, తర్వాత ఏమొస్తుందో తెలియకపోయినా తగినదే వస్తుందన్న భరోసాతో వింటాడు. అల్లేవారి ఉద్దేశం, వినేవారి భరోసా రెండూ తెగకుండా సాగినంత కాలం నంబరు మారినా, పేరు మారినా అది అదే చానెల్. అవి తెగితే పేరూ నంబరూ అలాగే ఉన్నా అది వేరే చానెల్. మొదట వేసుకున్న ప్రశ్నకు దర్శనాలన్నీ కలిపి చూసుకుంటే తేలేది ఇదే. 4 నుంచి వెళ్లిపోయిన నలభైల చానెల్ నిలిచే ఉంది. పాత పేరు మిగుల్చుకుని లోపలి ఎంపిక మొత్తం మార్చుకున్న చానెల్ నిలవలేదు.

వరల్డ్‌స్పేస్ ఆగిపోయిన తీరు ఈ నిర్ణయాన్ని బలపరుస్తుంది. ఆసియాస్టార్ మీద స్పందనతో పాటు మరో చానెల్ ఉండేది. 2001 నవంబరు 23న పుట్టపర్తి ప్రశాంతి నిలయం నుంచి మొదలైన రేడియో సాయి గ్లోబల్ హార్మొనీ. భజనలు, వేదపఠనం, ప్రసంగాలు దాని కార్యక్రమాలు. ఉపగ్రహ ప్రసారం దాని చేయి దాటిపోయాక కూడా ఇంటర్నెట్ మీద అది కొనసాగింది. శ్రోతలు దాన్ని కొత్త చానెల్ అనుకోలేదు. శరీరం మారినా జీవుడు ఒకడే అన్నట్టు గుర్తుపట్టారు. స్పందనకు ఆ అవకాశం రాలేదు. తేడా పవిత్రతలో లేదు, సినిమా పాటల క్రమం భజనల క్రమం కన్నా తక్కువదేమీ కాదు. రేడియో సాయి క్రమాన్ని అల్లేవారు, దాన్ని మోసేవారు, వినేవారు ఒకే సమాజానికి చెందినవారు. స్పందన క్రమం మీద హక్కు మాత్రం దివాలా తీసిన సంస్థది. శ్రోతల దగ్గర ఉన్నది రిసీవరు ఒక్కటే.

కంసాలికి బాధ్యత ఉందని కొంతవరకు చట్టం కూడా ఒప్పుకుంది. సిరియస్, ఎక్స్‌ఎం విలీనాన్ని ఆమోదించినప్పుడు అమెరికా ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ ముందు ఆ సంస్థలు ఒక హామీ ఇచ్చాయి. చానెళ్లలో 4 శాతం లాభాపేక్ష లేని విద్యా కార్యక్రమాలకు, మరో 4 శాతం సంస్థతో సంబంధం లేని అర్హులైన నిర్వాహకులకు కేటాయిస్తామని. వరుసలో కొంత భాగమైనా అమ్మకాల లెక్కకు బయట ఉండాలన్న ఆలోచన అది. శాతం చిన్నదే. అయినా బంగారం మాత్రమే చూసే కంటికి కుండ కూడా ఒక విలువేనని గుర్తుచేసిన నిబంధన.

అసలు మార్చకూడదని ఏ దర్శనమూ చెప్పదు, చెబితే అది నిలవదు. ఉపగ్రహానికి ఆయుష్షు పరిమితం, హక్కులకు గడువు ఉంటుంది, శ్రోతల తరాలు మారతాయి. కానీ కర్త ఉన్న నాశనానికి కర్త చేయవలసిన పనులు ఉన్నాయి. చానెల్ తీసేసే సంస్థ ముందుగా చెప్పాలి. అసలు కారణం చెప్పాలి. కొత్త నంబరో, కొత్త మార్గమో ఉంటే శ్రోతను అక్కడిదాకా తీసుకెళ్లాలి. ఆ క్రమాన్ని అల్లినవారి పేర్లను, వారు ఏ రోజు ఏమి వినిపించారన్న పట్టికలను పారేయకుండా ఎవరికైనా అందేచోట దాచాలి. ఇప్పుడు తెలుగులో రేడియో నడుపుతున్నవారు, ఆకాశం మీదుగానైనా ఇంటర్నెట్ మీదుగానైనా, ఆ పట్టికలను ఈరోజు నుంచే దాచడం మొదలుపెట్టాలి.