ఎత్తునుగూర్చిన చింత

ధ్యాన భాగము: మత్తయి 6:27, యోహాను 9:1-3



చింతపడినంతమాత్రాన మనుష్యుడు మూరెడు పొడుగు పెరుగునా అని ప్రభువు తన శిష్యులనడిగెను. మొన్న మన సంఘములోని ఒక తల్లి నన్ను తలక్రిందుగా అడిగినది: "అయ్యగారూ, పొడుగు మనుషులకు కేన్సరు ఎక్కువ వస్తదంట. మా బిడ్డ తాటిచెట్టు లెక్క పెరిగింది. ఇది ఏ పాపానికి శిక్ష?"

ఆమె విన్నమాట అబద్ధము కాదు. 2011లో బ్రిటనులో పది లక్షలకు మించిన స్త్రీలను పరిశీలించిన పండితులు, ఎత్తు 10 సెంటీమీటర్లు హెచ్చినకొలది కేన్సరు అపాయము నూటికి 16 వంతులు హెచ్చునని ప్రకటించిరి. పెద్ద దేహములో జీవకణములు ఎక్కువ గనుక, చెడిపోవుటకు తావును ఎక్కువ అని ఒక వివరణ.

అయితే ఇది శిక్ష కాదు. పుట్టు గ్రుడ్డివాని విషయములో శిష్యులు తప్పు వెదకగా, ప్రభువు ఆ నిందను అతనిమీద గాని తలిదండ్రులమీద గాని మోపనీయలేదు. ఎత్తరియైన సౌలును, చెట్టెక్కిన పొట్టి జక్కయ్యను ఆ హస్తమే రూపించెను.

ఎత్తు మన చేతిలో లేదు. చుట్ట, బీడీ, గుట్కా, సారా మన చేతిలో ఉన్నవి. నడుముచుట్టు పెరుగు కొవ్వు కొంతవరకు మన చేతిలోనిదే. నోటిలో మానని పుండుగాని, రొమ్ములో గడ్డగాని కనబడిన యెడల సిగ్గుపడి దాచకుడి. వెంటనే మిర్యాలగూడ పోయి డాక్టరుకు చూపించుడి. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. కేన్సరు ఆసుపత్రి ప్రభుత్వపుదే.

ఆ తల్లి మాటలాడుచుండగా ఆమె భర్త అరుగుమీద చుట్ట కాల్చుచుండెను. "అమ్మా, బిడ్డ ఎత్తు కొలుచుట మాని, ఆ చుట్ట మాన్పించు" అంటిని. ఆయన చుట్ట ఆర్పెను. ముగ్గురమును ప్రార్థించితిమి.

తండ్రీ, మార్చలేనిదానిని నీకప్పగించుటకును, మార్చగలదానిని నేడే మార్చుకొనుటకును మాకు కృప దయచేయుము. ఆమేన్.