గీత కనపడగానే ఫోన్ చెయ్యకు తల్లీ

తుర్విహాళ నుంచి హైదరాబాదు ల్యాబుకు పోతున్నావు, చాలా సంతోషం. తుంగభద్ర ఎడమ కాలవ నీళ్లు నమ్ముకుని కోస్తా నుంచి సింధనూరు పక్కకొచ్చి క్యాంపు కట్టుకున్నవాళ్ల మనవరాలివి, కష్టానికి జంకవు. నా భయమల్లా నీ తొందర గురించే.

డీఎన్‌ఏ మీద మిథైల్ గుర్తులు పెట్టే ఎంజైము డీఎన్‌ఎంటీ1ని యాంటీబాడీతో పట్టుకుంటానన్నావు. ప్రోటీన్లు దిగిన పొర, అదే బ్లాట్ మీద నల్లటి గీత కనపడగానే దొరికిందని ఇంటికి ఫోన్ చేస్తావేమో, చెయ్యకు. మన క్యాంపులో ‘సుబ్బారావూ’ అని కేకేస్తే ముగ్గురు వెనక్కి తిరుగుతారు. యాంటీబాడీ సంగతీ అంతే. సీసా మీద పేరు అచ్చేశారని నమ్మకు. ఆ ఎంజైము లేని చోట గీత కూడా పోయిందా? ముందు అది చూడు.

ఆ జీను తీసేసిన కణాలు పక్కన పెట్టుకో. దొరక్కపోతే డెసిటబిన్ మందు వేసిన కణాలు పెట్టు. ఆ మందు డీఎన్‌ఎంటీ1ని తగ్గించేస్తుంది, గీత సన్నబడాలి. గీత ఎక్కడ పడిందో కూడా చూడు: మనిషి కణాల్లో అది సుమారు 183 కిలోడాల్టన్లు. అంత పెద్ద ప్రోటీను చల్లటి చోట నిదానంగా, రాత్రంతా జెల్ నుంచి పొర మీదికి ట్రాన్స్‌ఫర్ అవ్వాలి. భోజనం వేళకు ముగించాలని హడావిడి పడ్డావా, అది జెల్లోనే ఉండిపోతుంది. నువ్వేమో ఎంజైమే లేదని రాసేస్తావు.

జీను తీసేశామన్న మాట కూడా ఊరికే నమ్మకమ్మా. 2000లో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ వాళ్లు హెచ్‌సీటీ116 అనే పెద్దపేగు క్యాన్సర్ కణాల్లో ఈ జీనును దెబ్బతీశారు. మిథైలేషన్ 20 శాతమే తగ్గింది. ఈ ఎంజైము లేకపోయినా కణానికి గడిచిపోతుందేమో అనిపించింది. 2006లో తేలిందేమిటంటే, ముందు భాగం తెగిన పొట్టి ప్రోటీను ఆ కణాల్లో కొద్దిగా మిగిలే ఉంది. తెగిపోయిన ఆ భాగాన్నే పట్టే యాంటీబాడీతో వెతికితే అది ఎన్నటికీ కనపడదు. అందుకే నీ యాంటీబాడీ ఏ భాగాన్ని పడుతుందో సీసాతో వచ్చిన కాగితం తీసి చదువు, తల్లీ, బద్ధకించకు.

నీ గీతను నమ్మి నీ వెనక వచ్చే పిల్లలు ఏళ్ల తరబడి పని చేస్తారు. వాళ్లకూ ఎదురుచూసే అమ్మానాన్నలు ఉంటారు. మీ అమ్మ ఫలితం వచ్చిందా అని అడిగితే, ఇంకా చూసుకుంటున్నానని చెప్పు. ఆవిడ ఏమీ అనుకోదు, నేను చెబుతాలే. యాంటీబాడీ సీసా మీది లాట్ నంబరు పుస్తకంలో రాసిపెట్టుకో. కొత్త లాట్ వచ్చిందంటే, విసుక్కోకుండా మళ్లీ మొదటి నుంచీ చూసుకో.