అనుమోదన

తిరుత్తణి మదరాసు రాష్ట్రమున చేరినది 1960 ఏప్రిల్ 1వ తేదీన. అంతకుముందు అది చిత్తూరు జిల్లాలోనిది. ఊరు కదలలేదు, సరిహద్దు కదలినది. నిన్నటివరకు ఊరివారైన తెలుగువారు మరునాటికి అల్పసంఖ్యాకులైరి. నేడు తిరుత్తణి తిరువళ్ళూరు జిల్లాలోనిది. ఆ జిల్లాకు దూరమునుండి వచ్చినవారును కలరు. మార్వాడునుండి వచ్చి దుకాణములు పెట్టినవారు కొందరు, ఒడిశానుండి ఇటుక బట్టీలకు వచ్చు కూలీలు కొందరు. వీరి బిడ్డలు ఒకచోట కూర్చుండుట బడిలోనే.

బడిలో తమిళము రాని బాలికకు మొదట దొరకునది ఒక పేరు. తెలుగు పిల్లయైనచో ‘గొల్టి’. తెలుగు అను మాటను తిరగవేసి కట్టినదందురు. ఉత్తరాది పిల్లయైనచో ‘సేటు’. ఇదే మాట దుకాణములో మర్యాద, తరగతిలో ఎగతాళి! బాలికల నడుమ చేయిచేసికొనుట తక్కువ. ప్రక్కన కూర్చుండరు, యాసను అనుకరించి నవ్వుదురు, టిఫిను డబ్బా తెరవగనే ముక్కు మూసికొందురు. 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ సెక్షను బాలల మానసిక వేధింపునుకూడ నిషేధించినది. కాని వెనుక బల్లమీది నవ్వు ఉపాధ్యాయుల చెవిని పడుట అరుదు.

వర్తకుని బిడ్డ ఇంటికి వచ్చి ఏడ్చినదనుకొనుడు. “పోనీలేమ్మా, వాళ్ళంతా మన దుకాణానికి వచ్చేవాళ్ళ పిల్లలు. మనం జైనులం, క్షమించాలి” అని తండ్రి అనును. ఇది క్షమయేనా? తప్పును తప్పని పలికిన పిమ్మట విడుచుట క్షమ. బేరము పోవునను భయమునకు క్షమయని పేరుపెట్టి బిడ్డ చేతికిచ్చుట తక్కువ తూనికరాయితో తూచుటవంటిది.

ఆ బిడ్డ రెండేండ్లలో తమిళము నేర్చును. 2006 నాటి చట్టము దానిని 1వ తరగతి మొదలు క్రమముగా తప్పనిసరి చేసినది, నేర్చుట మేలే. అంతలో బట్టీనుండి ఒక ఒడియా పిల్ల వచ్చి చివరి బల్లపై కూర్చుండును. మరల ఒక పేరు, మరల నవ్వులు. వర్తకుని బిడ్డ ఒక్క మాటయు అనదు. నవ్వును, అంతే. నవ్వకున్న పాత పేరు తనకే తిరిగివచ్చునని ఆమెకు తెలియును.

తత్త్వార్థసూత్రము ఈ లెక్కను ఏనాడో వేసినది. సంకల్పము, సన్నాహము, ఆరంభము అని మూడు, మనోవాక్కాయములు మూడు, చేయుట, చేయించుట, అనుమోదించుట మూడు, క్రోధ మాన మాయా లోభములు నాలుగు. గుణించిన 108. వర్తకులకు గుణకారము నేర్పనక్కరలేదు. నోరు మెదపని ఆ నవ్వు అనుమోదన పద్దులో పడును. ఇంకొక విశేషము: ఈ నాలుగు కషాయములకు తోడుగా చెప్పిన తొమ్మిది నోకషాయములలో హాస్యము, భయము, జుగుప్స మూడును కలవు. నవ్విన పిల్ల, జడిసిన పిల్ల, ముక్కు మూసికొన్న పిల్ల ఒక్క తరగతిలోనే కనబడుదురు.

అయినను పదేండ్ల పిల్లపై ఈ పద్దంతయు వ్రాయుట న్యాయము కాదు. నోరు మూసికొనుమని నేర్పినది ఇల్లు. ముందుగా సొమ్ము పుచ్చుకొని వచ్చిన బట్టీ కూలీ ఒకపూట పని మాని ప్రధానోపాధ్యాయుని చూడబోవుట కష్టము. దుకాణదారుడు పోగలడు. తన బిడ్డకై పోనివాడు ఆ బిడ్డకై పోవునా? పోదలచిన ఆలస్యము పనికిరాదు. వానలు రాగానే బట్టీ పని ముగియును. ఆ పిల్ల ఒడిశాకు తిరిగిపోవును.