ఒకరి చెమట, మరొకరి దానం

ఒక సేవాసంస్థ కోసం ఒకరు నలభై రెండు కిలోమీటర్లు పరుగెత్తుతారు. అది చూసి బంధువులు, స్నేహితులు, తోటి ఉద్యోగులు ఆ సంస్థకు డబ్బు ఇస్తారు. మారథాన్ అయినా, దూరపు సైకిల్ యాత్ర అయినా, కొండదారి నడక అయినా ఏర్పాటు ఇదే. ఇందులో విప్పవలసిన ముడి ఒకటుంది. ఆ డబ్బు ఆసుపత్రికో అనాథాశ్రమానికో చేరడానికి పరుగుతో పనిలేదు. పరుగు వల్ల ఏ రోగికీ జబ్బు నయం కాదు. అయినా ఊరికే అడిగితే ముడుచుకునే చేతులు పరుగు చూసి తెరుచుకుంటాయి. ఒకరి కాయకష్టం మరొకరి దానానికి ఎలా కారణమవుతుంది? ఆ కష్టానికి తనదంటూ ధార్మికమైన విలువ ఉందా?

ఈ పద్ధతిని ప్రపంచం కళ్లకు కట్టినవాడు కెనడా యువకుడు టెర్రీ ఫాక్స్. ఎముక క్యాన్సర్ వల్ల 1977లో అతని కుడికాలిని మోకాలికి పైనుంచి తీసేశారు. 1980 ఏప్రిల్ 12న, క్యాన్సర్ పరిశోధనకు విరాళాలు కోరుతూ, అట్లాంటిక్ తీరం నుంచి పరుగు మొదలుపెట్టాడు. మంచికాలితో రెండుసార్లు గెంతి, కృత్రిమ కాలితో ఒక అడుగు వేయడం అతని పరుగు తీరు. రోజుకు దాదాపు ఒక మారథాన్ దూరం. దారిలో పదివేల జనాభా ఉన్న ఒక చిన్న రేవు పట్టణం పదివేల డాలర్లకు పైగా ఇచ్చింది. కెనడాలో మనిషికొక డాలర్ చొప్పున రావాలన్నది అతని కోరిక. 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు పరుగెత్తాక క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకిందని తేలింది. పరుగు సెప్టెంబర్ 1న ఆగిపోయింది. 1981 ఫిబ్రవరికి విరాళాలు 2.4 కోట్ల డాలర్లు దాటాయి, అంటే అప్పటి దేశ జనాభాతో సమానం. అదే ఏడాది జూన్‌లో అతను కన్నుమూశాడు.

కష్టం చూసి జనం కరుగుతారన్నది పాత మాటే. మనస్తత్వ పరిశోధకులు క్రిస్టఫర్ ఒలివోలా, ఎల్డార్ షఫీర్ 2013లో దీన్ని మరోవైపు నుంచి పరీక్షించారు. ఒకే సత్కార్యానికి ఒకచోట విందు, మరొకచోట శ్రమతో కూడిన పరుగు పెడితే, పరుగు ఉన్నచోటే పాల్గొనేవారు ఎక్కువ ఇవ్వడానికి సిద్ధపడ్డారు. సాయం మనుషుల బాధను తీర్చేదైతే ఈ మొగ్గు మరింత పెరిగింది. బాధకు జవాబుగా బాధనే సమర్పించాలన్న భావం మనసులో లోతుగా ఉందన్నమాట. మొక్కు తీర్చుకోవడానికి బస్సు ఉన్నా అలిపిరి మెట్లెక్కి కొండకు చేరే భక్తుడికి ఇది కొత్త సంగతి కాదు.

అయితే మనసు మొగ్గడం వేరు, ధర్మం ఒప్పుకోవడం వేరు. భగవద్గీత పదిహేడో అధ్యాయం తపస్సును మూడు రకాలుగా విడదీస్తుంది. ఫలాపేక్ష లేకుండా శ్రద్ధతో చేసేది సాత్త్వికం. సత్కారం, గౌరవం కోరి చేసేది రాజసం. మూఢపట్టుదలతో తన దేహాన్ని హింసించుకునేది తామసం. శరీరం ఎంత నలిగిందన్నది ఇక్కడ కొలత కానే కాదు. పతకం మెడలో వేసుకుని ఫొటో పెట్టడానికే పరుగెత్తిన మనిషి లక్షలు సేకరించినా, గీత లెక్కలో ఆ తపస్సు రాజసమే. ఆ డబ్బుతో మందులు వస్తాయి, అది మంచిదే. కానీ పరుగెత్తినవాడి ఆంతర్యానికి అది సాక్ష్యం కాదు.

ఒకరి శ్రమఫలం మరొకరికి చెందుతుందా అన్నది రెండో చిక్కు. ఎవరి కర్మఫలం వారిదే అన్న నియమాన్ని గట్టిగా పట్టుకుంటే చెందకూడదు. కానీ సంప్రదాయం ఎప్పుడూ అక్కడే ఆగిపోలేదు. భగీరథుడు తపస్సు చేసింది తన కోసం కాదు, బూడిదై పడి ఉన్న సగరపుత్రుల కోసం. నాగార్జునకొండ శాసనాల్లో ఇక్ష్వాకు రాజకుటుంబ స్త్రీలు తమ దానఫలాన్ని పుట్టింటికీ మెట్టినింటికీ కూడా పంచారు. శ్రమను ఎవరికి అర్పించాలో నిర్ణయించే హక్కు శ్రమించినవాడిది. దాతలు స్పందించేది కూడా ఆ అర్పణకే.

అడగడంలో ఉన్న చిన్నతనాన్ని కూడా ఈ అర్పణ పోగొడుతుంది. దానం అడగడానికి సాక్షాత్తు విష్ణువే మరుగుజ్జు కావలసి వచ్చిందని వామనావతార కథను చెప్పుకుంటారు. తెలంగాణ నేల మీద ఆ చిన్నతనం తొలగిపోయిన ఘట్టం ఒకటుంది. 1951లో వినోబా భావే శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనానికి వార్ధా ప్రాంతం నుంచి కాలినడకన వచ్చారు. ఆ తర్వాత గ్రామాల మీదుగా నడుస్తూ ఏప్రిల్ 18న పోచంపల్లి చేరారు. అక్కడి దళిత కుటుంబాలు సాగుకు ఎనభై ఎకరాలు కావాలన్నాయి. ఇవ్వగలవారు ఎవరైనా ఉన్నారా అని వినోబా సభలో అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి లేచి వంద ఎకరాలు ఇస్తానన్నారు. భూదానం అలా మొదలైంది. ఆ తర్వాత వినోబా ఏళ్ల తరబడి దేశమంతా నడుస్తూనే భూమి అడిగారు. కారులో వచ్చి అడిగిన మాట కన్నా, దుమ్ము పట్టిన కాళ్లతో వచ్చి అడిగిన మాటకు బరువెక్కువ. అడిగేవాడు ముందే తనవంతు చెల్లించి వచ్చాడు. తన కోసం అడగడం లేదు. అవసరంలో ఉన్నవారు స్వయంగా చేయి చాచవలసిన పని కూడా తప్పింది.

ఆ వంతు ఎంతన్నది దూరంతో తేలదు. 2020లో ఇంగ్లండ్‌లో కెప్టెన్ టామ్ మూర్ తన నూరో పుట్టినరోజుకు ముందు, చక్రాల ఊతతో, 25 మీటర్ల పెరటి బాటను వందసార్లు నడిచారు. మొత్తం రెండున్నర కిలోమీటర్లు. వెయ్యి పౌండ్లు అనుకుంటే మూడు కోట్ల పౌండ్లకు పైగా వచ్చాయి. మనిషి తన శక్తిలో ఎంతభాగం ఇచ్చాడన్నదే జనం చూశారు.

ఆక్షేపణలూ బలమైనవే. బూట్లకు, ప్రయాణానికి, ప్రవేశ రుసుముకు పెట్టే ఖర్చు నేరుగా ఇచ్చేయవచ్చు కదా అన్న ప్రశ్న న్యాయమైనది. పరుగెత్తే మనిషి కథ పెద్దదై, ఎవరి కోసం పరుగో వారు మరుగునపడే ప్రమాదం అంతకన్నా తీవ్రం. లండన్, ముంబై వంటి పెద్ద మారథాన్లలో సేవాసంస్థల ద్వారా స్థానం పొందేవారు సాధారణంగా ఇంత మొత్తం తెస్తామని ముందే ఒప్పుకోవాలి. తగ్గినది సొంత జేబులోంచి వేసేటప్పుడు దానానికీ టికెట్టుకూ తేడా చెరిగిపోతుంది. చిన్న సంస్థలకు ఆ స్థానాలు కొనే స్తోమతే ఉండదు. వాటికి ఊరి చెరువు చుట్టూ నడక చాలు. కాకపోతే సేకరించిన ప్రతి రూపాయికీ లెక్క చెప్పాలి, ఎవరి కోసం నడుస్తున్నారో వారి గౌరవానికి భంగం రాకుండా పరిచయం చేయాలి.

ఈ ఆక్షేపణలకు జవాబు టెర్రీ ఫాక్స్ పేరిట ఏటా సెప్టెంబర్‌లో జరిగే పరుగులోనే ఉంది. వాణిజ్య ప్రచారాన్ని అతను తన పరుగులోకి రానివ్వలేదు. ఆ నియమం ఇప్పటికీ చెల్లుతోంది. ఆ పరుగులో పోటీ లేదు, గెలిచినవారంటూ ఉండరు, నడిచినా సరే. క్యాన్సర్ పరిశోధనకు ఇప్పటివరకు 85 కోట్ల కెనడా డాలర్లకు పైగా ఆ దారినే వచ్చాయి.